నీలిబాన చంపిన కోడలు

మికాయేలా ఆ ఇంటికి కోడలిగా వచ్చిన రెండో వారంలోనే ఆమె చేతికి చెడ్డపేరు వచ్చింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు.

నేనూ ఆ ఏడే ఆ వీధికి కోడలిగా వచ్చాను. తొతొనికపాన్‌లో కొండవాలున, నూలు అద్దేవాళ్ళూ నేసేవాళ్ళూ ఉండే వీధి మాది. మా పెరటికీ వాళ్ళ పెరటికీ మధ్య నడుమెత్తు మట్టిగోడ. పొద్దున్నే పైన్ చెట్ల మీంచి పొగమంచు దిగొచ్చి ఆ గోడని మింగేసేది. అవతలి మనుషులు కనబడేవాళ్ళు కాదు, మాటలు మాత్రం నా ఒళ్ళో కూర్చుని మాట్లాడుతున్నట్టు వినబడేవి. కాబట్టి నేను చెప్పేదాంట్లో కొంత చూసింది, కొంత ఆ మంచులోంచి విన్నది. మిగతాది మికాయేలా తనే చెప్పింది.

ఆమె అత్త పేరు శెపా. భర్త పోయిన మనిషి. పొట్టిది, గట్టిది, మాట తక్కువ. మా ఊళ్ళో నీలి అద్దకం అంటే శెపానే. పెరటి మూల పెంకుటి పాకలో, మెడదాకా నేలలో పాతిన మట్టిబాన ఉండేది ఆమెకు. తేర్చిన బూడిద నీళ్ళూ, మెత్తగా నూరిన నీలిమందూ, సకతింత ఆకు ఉడకబెట్టిన రసమూ కలిసి ఆ బానలో రోజుల తరబడి పులిసేవి. పులుస్తున్నంత కాలం బాన బతికినట్టు. పైన రాగిరంగు మీగడ కడుతుంది. నడిమధ్యన ఊదారంగు నురగ పువ్వులా లేస్తుంది. పులుపు ఆగిందా, బాన చచ్చినట్టే. ఇక ఎంత ముంచినా నూలుకు బురదనీళ్ళ రంగు తప్ప పట్టదు. శెపా బాన ఆమె పెళ్ళినాటి నుంచీ చావలేదు. అడుగు మడ్డి తియ్యకుండా దానిమీదే మళ్ళీ మళ్ళీ పోస్తూ ముప్ఫై ఏళ్ళు బతికించుకొచ్చింది.

కొత్తకోడలి చేతికి ఒక చిలప నూలు, అంటే చుట్టకట్టిన నూలుకట్ట ఒకటి ఇచ్చి, "ముంచు, చూద్దాం" అంది శెపా.

మికాయేలా ముంచింది. ఎవరూ చెప్పకుండానే చెయ్యి నీళ్ళలో నెమ్మదిగా ఆడించింది, బుడగ రాకుండా. పైకి తీస్తే నూలు లేత మొక్కజొన్న ఆకులా ఉంది. చూస్తూండగానే ఆ పచ్చదనంలోకి అంచుల నుంచి నీలం పాకింది. శెపా చిలపని వెలుతురుకేసి తిప్పి తిప్పి చూసి దండెం మీద వేసింది.

మర్నాడు పొద్దున బాన చచ్చిపోయి ఉంది.

మీగడ లేదు, నురగ లేదు. నీళ్ళు కడుగునీళ్ళలా బూడిదరంగులో నిలబడిపోయాయి. శెపా కోడల్ని పిలిచింది.

"చేతులు చాపు."

మికాయేలా చాపింది. శెపా ఆ చేతుల్ని పట్టుకుని, సంతలో దుంపలు తూచినట్టు ఎత్తి చూసింది.

"బరువు. మా అమ్మ చెప్పేది, కొందరి చెయ్యి బానకి పడదని. కళ్ళారా చూడ్డం ఇదే."

"ఒక్క చిలపే ముంచాను కదా అత్తయ్యా!"

"ఒక్కటి చాలదూ? ఇంకెన్ని ముంచుదామనుకున్నావు?"

ఆ మాట శనివారం సంతకల్లా ఊరంతా పాకింది. మిరపకాయలమ్మే ఆవిడ మికాయేలాని ఎగాదిగా చూసి, "నువ్వేనటమ్మా బాన చంపిన కోడలివి? నా మిరపకాయలు ముట్టుకోకు తల్లీ, చప్పబడిపోతాయి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మికాయేలా ఏరిన మిరపకాయల్ని ఒక్కొక్కటీ మళ్ళీ గుడ్డమీద పెట్టేసి ఇంటికొచ్చింది.

శెపా తంటాలుపడి, పొరుగూరి చుట్టాల బానలోంచి కుండెడు మడ్డి తెచ్చి తన బానని మళ్ళీ లేపుకుంది. ఆనాటి నుంచీ మికాయేలా ఆ పాక గడప తొక్కకూడదు. పదకొండేళ్ళు తొక్కలేదు.

ఆ పదకొండేళ్ళూ ఆమె గడప ఇవతల కూర్చుని ముడులు కట్టింది. మా పావడా గుడ్డల్లో నీలం మీద తెల్లటి బొమ్మలుంటాయి కదా, అవి నేతలో పుట్టవు, ముడిలో పుడతాయి. తెల్లనూలు చాపి, ఎక్కడ తెలుపు మిగలాలో అక్కడ గట్టిగా దారం చుట్టి ముడేస్తే ఆ చోట రంగు అంటదు. మికాయేలా ముడుల్లో కూజాలుండేవి, చిన్న చిన్న మనుషులుండేవాళ్ళు, ఒక్కోసారి చినుకులు మాత్రమే ఉండేవి. అవి కట్టి గడప మీద పెట్టేది. శెపా లోపలి నుంచి చెయ్యి చాపి తీసుకునేది. ఎల్ సాల్వడోర్ నుంచి వర్తకులు తెచ్చే నీలిమందు గడ్డల్ని నూరడం కూడా మికాయేలా పనే. ఆ నూరిన ముద్దని బానలో వెయ్యడం మాత్రం ఆమె పని కాదు.

మొగుడు లూకాస్ మంచివాడు. మగ్గం దిగితే నవ్వించేవాడు. తల్లికి ఎదురుచెప్పడం మాత్రం అతనికి చేతకాదు. అసలు ఆ పెరట్లో ఎవరూ ఎవరికీ ఎదురు చెప్పకూడదు. బాన వింటుందని శెపా నియమం. కోపం మాట చెవినపడితే బాన ముడుచుకుపోతుందట. గోడ ఇవతల ఉన్న మాక్కూడా ఆ నియమం తప్పలేదు.

"ఒసేయ్, గొంతు తగ్గించవే. శెపమ్మ బాన నిండుగా ఉంది" అనేవాడు నా మొగుడు, తప్పంతా తనదే అయినప్పుడు మరీను. నాకు వాణ్ణి తిట్టాలనిపిస్తే కొండమీది మొక్కజొన్న చేలోకి తీసుకెళ్ళి తిట్టేదాన్ని. దారిలో సగం కోపం చల్లారిపోయేది. మికాయేలా, లూకాస్ అయితే అసలు పోట్లాడుకోవడమే మర్చిపోయారు. అది మంచికే అనుకునేదాన్ని అప్పట్లో.

మికాయేలాకు కలలొచ్చేవి. ముడులు కడుతూ గోడ పక్కకొచ్చి చెప్పేది.

"రాత్రి మళ్ళీ బానలోకి దిగాను వదినా."

"తడిశావా?"

"లేదు. లోపల నీళ్ళు లేవు, వెలుతురుంది. చేలో పడుకుని పైకి చూస్తే ఆకుల సందుల్లోంచి కనబడుతుందే, అట్లాంటి పచ్చటి వెలుతురు. కాళ్ళ కింద నేల మెత్తగా ఉంది. నా చేతుల వంక చూసుకుంటే అవి లేవు. మోచేతుల దాకా ఉన్నాయి, ఆ తర్వాత పొగమంచు."

"భయమెయ్యలేదూ?"

"తేలిగ్గా ఉండింది," అంది దారం కొసని పళ్ళతో తెంపుతూ.

కూతురు రొసెందా పుట్టినప్పుడు చూడ్డానికెళ్ళాను. మికాయేలా బిడ్డని గుడ్డలో చుట్టి మోచేతుల మధ్య పట్టుకుంది, అరచేతులు తగలనివ్వకుండా. బాలింతకి చేతుల్లో నీరసమేమో అనుకున్నాను.

పదకొండో ఏడు ఫిబ్రవరిలో, నీళ్ళతొట్టి మీద మంచు పలక కట్టిన ఒక పొద్దున, శెపా బాన పక్కనే కూలిపోయింది. గోడ అవతల దబ్బుమన్న చప్పుడు విని దూకాను. నోరు ఒకవైపుకి లాగేసింది. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. ప్రాణం ఉంది, మాట లేదు. ఇంట్లోకి మోసుకుపోబోతే కుడిచేత్తో గుంజ పట్టుకుని వదల్లేదు. చేసేది లేక ఆ పాకలోనే చాప వేసి, గొర్రెచర్మం పరిచి పడుకోబెట్టాం. అట్లా ఆమెను మోస్తూ మికాయేలా పదకొండేళ్ళ తర్వాత ఆ గడప తొక్కింది. ఆ కంగారులో ఎవరూ గమనించలేదు.

పట్టించుకునే చెయ్యి లేక, ఆ చలికి, మూడు రోజుల్లో బాన కూడా చల్లబడి చచ్చింది. ఈస్టరు ముందొచ్చే పవిత్రవారానికి కొత్త పావడాలు కావాలని ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు అడిగి ఉన్నారు. ముడులు కట్టిన చిలపలు గంపలో తెల్లగా ఎదురుచూస్తున్నాయి.

"సల్కహా వెళ్ళి అద్దిన నూలు కొనుక్కొస్తాలే మికా" అన్నాడు లూకాస్.

"మరి నా ముడులు?"

"ముడులదేముంది, విప్పేద్దాం."

"నువ్వు విప్పు, చూస్తాను," అంది మికాయేలా. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. "శీతాకాలమంతా వేళ్ళు పగిలేలా కట్టాను. బాన నేను లేపుతాను."

"నువ్వా? అమ్మ ఒప్పుకోదు."

"అయితే అడుగు మీ అమ్మని."

ఇద్దరూ చాప వైపు చూశారు. శెపా కళ్ళు కోడలి మీదే ఉన్నాయి. పెదవులు వణికాయి.

"సు... సు..."

"చూశావా? వద్దంటోంది."

"నీళ్ళడుగుతోందేమో" అంది మికాయేలా. అత్త నోట్లో నాలుగు చుక్కలు పోసి, శాలువా కొసతో మూతి తుడిచి, పావడా ఎగదోపుకుని లేచింది.

నేర్పినవాళ్ళు లేరు. పదకొండేళ్ళు గడప ఇవతల కూర్చుని పీల్చిన వాసనలే ఆమె చదువు. బతికిన బాన వాసన ఎట్లా ఉంటుందో, ఆకలేసినప్పుడు ఎట్లా మారుతుందో, వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా, అన్నీ ఆమె ముక్కులో ఉన్నాయి. బాన చుట్టూ మన్ను తవ్వి, పొయ్యిలోంచి వేడి బూడిద తెచ్చి కూరింది. పాత కంబళ్ళు కప్పింది. వెచ్చటి పల్లపు ఊళ్ళ నుంచి సకతింత తెప్పించి ఉడకబెట్టి పోసింది. వేలు ముంచి నాలుకమీద రాసుకుని, జారుడుగా ఉందో లేదో చూసుకుని బూడిదనీళ్ళు కలిపింది. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం ఒకే కర్రతో, ఒకే వైపుకి, చప్పుడు కాకుండా తిప్పింది.

అదే చేతుల్తో అత్తకి మొక్కజొన్న జావ తాగించింది. మా పెరళ్ళలో ఆవిరిస్నానానికి మట్టితో కట్టిన పొట్టి గూడు ఉంటుంది. పాక్కుంటూ లోపలికెళ్ళి, కాల్చిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుని ఆ వేడిలో పడుకుంటాం. రోజు విడిచి రోజు శెపాని వీపున కట్టుకుని ఆ గూట్లోకి తీసుకెళ్ళి, పడిపోయిన చేతినీ కాలినీ ఆకులతో తట్టి తోమింది. ఒకచోట బానకి వెచ్చదనం, ఒకచోట మనిషికి. ఏది ముందు లేస్తుందో అనుకునేదాన్ని నేను.

ఏడోరోజు మధ్యాహ్నం మికాయేలా బాన మూతికి చెవి ఆనించి అట్లాగే నిద్రపోయింది. ఎండ పెంకుల సందుల్లోంచి చిల్లులు చిల్లులుగా ఆమె మీద పడుతోంది. ఆ నిద్రలో మళ్ళీ దిగిందట లోపలికి. ఈసారి మెట్లున్నాయి. కింద ఆడవాళ్ళు ఒకరి పక్కన ఒకరు నడుంలోతు పచ్చదనంలో నిలబడి ఉన్నారు. ఎవరి ముఖాలూ కనబడలేదు, జడలే కనబడ్డాయి. ఒక తడి చిలప చేతులు మారుతూ వస్తోంది. చివరి ఆవిడ వెనక్కి తిరక్కుండానే దాన్ని మికాయేలాకు అందించి, "జాగ్రత్త, ఇంకా తడారలేదు" అంది. అందుకోబోతే తనకి చేతులున్నాయి.

మెలకువ వచ్చేసరికి వాసన మారింది.

"వదినా! రా, రా ఇట్లా!"

గోడ దూకాను. కంబళి తీసి చూపించింది. నీళ్ళమీద రాగిమీగడ. నడుమ పిడికెడంత ఊదారంగు నురగ, అప్పుడే విచ్చుకుంటున్నట్టు. మికాయేలా ఒక చిలప తడిపి, పిండి, మీగడని పక్కకి నెట్టి లోపలికి వదిలింది. చేతులు మోచేతుల దాకా బానలో మాయమయ్యాయి. బయట పిట్ట అరుస్తోంది, అదొక్కటే చప్పుడు. ఆమె చేతులు నీళ్ళకింద ఏదో నిద్రపోతున్న జీవాన్ని నిమురుతున్నట్టు కదిలాయి. చాలాసేపటికి తీసింది. నూలు పచ్చగా, తళతళలాడుతూ వచ్చింది. పాక గుమ్మంలోకి తెచ్చి గాలికి పట్టుకుంది. మేమిద్దరం చూస్తూండగా ఆ పచ్చలోంచి సాయంత్రపు ఆకాశం దిగినట్టు నీలం దిగింది.

చాపమీద శెపా కుడిచేత్తో నేలని దబదబ కొడుతోంది. కళ్ళవెంట నీళ్ళు. "కోపమొచ్చింది పాపం" అంది మికాయేలా. ఆ పవిత్రవారం ఊరేగింపులో మా వీధి ఆడవాళ్ళందరం ఆమె అద్దిన పావడాలే కట్టుకున్నాం. బాన చంపిన కోడలు బాన లేపిందట అన్నారు సంతలో. మిరపకాయలావిడ మాత్రం, "అత్త ఊపిరి పక్కనే ఉందిగా, అదీ సంగతి" అంది.

మే నెల వానలతోపాటు శెపాకు మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది. ముందు "సు" అన్నది "సున్" అయింది. మొక్కజొన్న ఉడకబెట్టే నీళ్ళలో మేం వేసే సున్నం కాబోలనుకుని మికాయేలా, "వేశానత్తయ్యా, వేశాను" అనేది. శెపా తల అడ్డంగా ఊపేది. ఒకరోజు ఆవిరిగూట్లో, చీకట్లో, ఇద్దరూ ఒంటిమీద గుడ్డ లేకుండా ఆకులమీద పక్కపక్కన పడుకుని ఉన్నప్పుడు మాట పూర్తిగా వచ్చింది.

"సున్నం... నేనే వేశా."

"దేంట్లో?"

"బానలో. నీ పెళ్ళప్పుడు. రెండు గుప్పిళ్ళు. పొద్దు పొడవకముందే లేచి వేశా."

రాళ్ళమీద నీళ్ళు చుయ్యిమన్నాయి. శెపా ఒక్కోమాటా వెతుక్కుంటూ చెప్పింది.

"ఆ చిలప... మొదటి ముంచుకే అట్లా తేలింది. నాకు అట్లా తేలడానికి ఆరేళ్ళు పట్టిందే. నాకు మొగుడు లేడు. కొడుకు నీవాడైపోయాడు. ఆ బానొక్కటే... నీ చెయ్యి... ఎప్పుడూ బరువు కాదు."

మికాయేలా ఆమెని బయటికి తెచ్చింది. తుడిచింది. బట్టలు కట్టింది. తల దువ్వి, జడ వేసి, కంబళి కప్పి కూర్చోబెట్టింది. ఒక్కటీ మానలేదు. అప్పుడు బాన దగ్గరికెళ్ళి నిలబడి అరిచింది.

అట్లాంటి అరుపు మా వీధిలో ఎవరూ ఎరగరు. పిండి చేతుల్తో పరిగెత్తుకొచ్చాను. వీధంతా గోడలెక్కింది.

"పదకొండేళ్ళు! పదకొండేళ్ళు నా చేతులు నావి కాకుండా చేశావు! మిరపకాయ ముట్టుకోనియ్యలేదు నన్ను సంతలో! నా బిడ్డ పుడితే దాని తలమీద చెయ్యి వెయ్యడానికి భయపడ్డాను తెలుసా నీకు? నా బిడ్డ తలమీద! నా చేతికి అదేమైపోతుందోనని!"

అప్పుడర్థమైంది నాకు, ఆ అరచేతుల సంగతి.

లూకాస్ మగ్గం మీంచి దూకి వచ్చాడు. "మికా! నెమ్మది! బాన... బాన వింటుంది!"

"విననీ! చెవులుంటే బాగా విననీ! నువ్వు కూడా విను. పదకొండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారి నా తరఫున నోరు విప్పావా?"

అంటూనే గడపమీదున్న చిలప లాక్కుని బానలో ముంచింది. తిడుతూ ముంచింది. అత్తనీ, మొగుణ్ణీ, మిరపకాయలావిణ్ణీ, తనని ఆ ఇంటికిచ్చిన తండ్రినీ వరసపెట్టి తిడుతూ ముంచింది, తీసింది, గాలికి ఆరనిచ్చి మళ్ళీ ముంచింది. ముడుచుకుపోతుందని అందరం చూస్తున్నాం. బాన ముడుచుకోలేదు. ఆ ఏడు మొత్తంలో అంత లోతైన నీలం మళ్ళీ రాలేదు. ఆరిన చిలపని ముట్టుకుని చూసి నా మొగుడు నెమ్మదిగా అన్నాడు, "అయితే ఇన్నాళ్ళూ మనం ఊరికే నోరు మూసుకున్నామన్నమాట." ఆ వారమంతా మా వీధి వీధంతా ఇళ్ళలోనే హాయిగా పోట్లాడుకుంది.

మికాయేలా అత్తతో మాట్లాడ్డం మానేసింది. పనులు మాత్రం మానలేదు. పొద్దున్నే పాకలో బల్లమీద కూర్చోబెట్టేది, నల్లచిక్కుళ్ళూ మొక్కజొన్న కుడుములూ మెదిపి తినిపించేది, ఆవిరికి మోసుకెళ్ళేది. ఒక్క మాట ఉండేది కాదు. నేను ఉండబట్టలేక, "ఇంక చాల్లే వదినా, ముసలిది" అన్నాను ఒకసారి.

"నేనేం చేస్తున్నాను? తిండి పెట్టట్లేదా?"

"మాట?"

"మాట రావట్లేదు వదినా. నేను ఆపుతున్నది కాదు. లోపల్నుంచే రావట్లేదు."

అట్లా వానాకాలం పోయింది. మొక్కజొన్న విరుపులొచ్చాయి. నవంబరులో బానకి జబ్బు చేసింది. చావలేదు గానీ మగతలో పడింది. మీగడ పల్చబడింది, నీలం పాలిపోతోంది. మికాయేలా వేడిబూడిద కూరింది, ఆకురసం పోసింది, వాసన చూసింది, నాలుకమీద వేసుకుంది. ఆమె ముక్కుకి తెలియని జబ్బు. మూడోరోజున అలిసిపోయి బాన మూతి పట్టుకుని కూర్చుండిపోయింది. వెనకనుంచి శెపా గొంతు వచ్చింది.

"ఆకలేసింది దానికి. బెల్లం."

మికాయేలా వెనక్కి తిరగలేదు. బాన వంకే చూస్తూ అడిగింది.

"ఎంత?"

"నీ బొటనవేలంత. కరిగించి పొయ్యి. గోరువెచ్చగా."

"ఇంతా?" బొటనవేలు ఎత్తి చూపించింది.

"ఇంకొంచెం. నీది సన్నవేలు."

మర్నాటికి బాన లేచింది. ఆ తర్వాత శెపా బతికిన నాలుగేళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా మాటలుండేవి, అన్నీ బాన గురించే. ఇంకెన్ని ముంచులు, ఇంకెంత బూడిద, రేపు ఎండ కాస్తుందా. క్షమించావా అని నేనెప్పుడూ అడగలేదు. చివరి రోజుల్లో శెపా, పనిచేసే కుడిచేత్తో కోడలి చెయ్యి పట్టుకుని నిద్రపోయేది. మికాయేలా ఆ చెయ్యి లాక్కునేది కాదు. పనేదన్నా ఉంటే రెండో చేత్తో చేసుకునేది.

శెపా పోయాక మికాయేలా పాక తలుపు ఊడబీకి పొయ్యిలో పెట్టింది. చెయ్యి బరువన్న పేరుపడ్డ ఆడవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. కడుపుతో ఉన్నవాళ్ళు అద్దకం ముట్టకూడదంటారు, వాళ్ళూ వచ్చేవాళ్ళు. ఏడుస్తూ వచ్చినవాళ్ళుండేవారు. "ముందు ముంచు, ఏడుపు తర్వాత చూద్దాం" అనేది. ప్రతి ఒక్కరి చేతులూ పట్టుకుని చూసేది, ఎత్తి తూచడానికి కాదు, గోళ్ళు కత్తిరించుకున్నారో లేదోనని. "గోరు తగిలితే ముడి తెగుతుంది. అదొక్కటే నాకు కావలసింది. మిగతా శాస్త్రాలన్నీ మీ అత్తల దగ్గర చెప్పుకోండి."

తర్వాత్తర్వాత సంతలోకి డబ్బాల్లో రంగులొచ్చాయి. వేడినీళ్ళలో కలిపితే చాలు, అరపూటలో పని. చాలా ఇళ్ళలో బానలు పూడ్చేశారు. మా ఇంట్లో నా మొగుడూ ఆ డబ్బా రంగే తెచ్చాడు. మికాయేలాకి దానిమీద కోపమేమీ లేదు. "వాళ్ళకి తొందర. నాకు లేదు" అనేది. ఆమె బాన మాత్రం నడుస్తూనే ఉంది. పెళ్ళి పావడా కావాలన్నవాళ్ళూ, నీలం ఉతికేకొద్దీ ముఖం కడుక్కున్నట్టు తేటపడాలని కోరేవాళ్ళూ వచ్చేవాళ్ళు. లూకాస్ పోయాక రొసెందా ఆ మగ్గమెక్కింది.

డెబ్భై ఏళ్ళు దాటాక మికాయేలా ఒకరోజు, "నేను సముద్రం చూడలేదు" అంది. అదేదో ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు చెప్పింది. రొసెందా మమ్మల్నిద్దర్నీ బస్సెక్కించి చాంపెరికో తీసుకెళ్ళింది. కొండలు దిగేకొద్దీ ఉక్క. ఒక్కొక్క శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంటూ వెళ్ళాం. అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. మేం వెళ్ళినరోజు మబ్బు పట్టి ఉంది. సముద్రం బూడిదరంగులో, దూరంగా పోయేకొద్దీ కొంచెం పచ్చగా, అట్లా పరుచుకుని ఉంది.

మికాయేలా చెప్పులు విడిచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వెళ్ళింది. పావడా తడిసి బరువెక్కింది. చాలాసేపు నిలబడి చూసింది. వంగి, వేలు ముంచి నాలుకమీద రాసుకుంది.

"ఎట్లా ఉందమ్మా?" అని ఒడ్డునుంచి కేకేసింది రొసెందా.

"ఇంకో నాలుగు ముంచులు పడాలే దీనికి!" అని కేకేసింది మికాయేలా.

పక్కనున్న జాలర్లు నవ్వారు. ఆమె నవ్వలేదు, నిజంగానే అంది. తర్వాత తడి ఇసుకలో నా పక్కన కూలబడి, వేయించిన చేపా మొక్కజొన్న రొట్టే తిని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం మబ్బు విడిపోయి ఎండ వచ్చింది. నీళ్ళరంగు మారడం మొదలైంది. నేను చూడమని మోచేత్తో పొడిచాను. అప్పటికే ఆమె కూర్చున్నచోటే నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. అల వచ్చి మా కాళ్ళు తడిపి వెళ్తున్నా లేవలేదు.

ఆ మరుసటి ఏడు జనవరిలో, దగ్గుతో, నాలుగు రోజులే మంచమెక్కి పోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు రొసెందా, ఆమె కోడలు అద్దుతున్నారు. ఇద్దరికీ క్షణం పడదు. పొద్దుటినుంచీ ఒకటే అరుపులు, గోడ ఇవతల నాకు ఒక్క ముక్క పొల్లుపోకుండా వినబడుతుంది. నూలు మాత్రం చాలా బాగా వస్తోంది.